తాత పట్టీ

కొండవారన గొర్రెలు మేపుతుండగా అంకన్నకు గుండెల్లో పోటు వచ్చింది. ఎండుగడ్డి మీద వెల్లకిలా పడిపోయి, ఇక లేవననుకున్నాడు. కొంచెం ఎగువన తన మందను మళ్ళిస్తున్న మాలకొండయ్య చూశాడు కాబట్టి బతికాడు. మాలకొండయ్య అతన్ని మోటారుసైకిలు వెనక కూర్చోబెట్టి, జారిపోకుండా తలగుడ్డతో తన నడుముకు కట్టుకుని బేస్తవారిపేట తీసుకొచ్చాడు. అక్కణ్ణుంచి అంబులెన్సులో ఒంగోలు. ఒంగోలులో స్టెంటు వేశారు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, "బీడీ ఇంక ముట్టుకోవద్దు. ముట్టుకుంటే మళ్ళీ నా దాకా రావు" అన్నాడు. ఆ మాట నవ్వుతూ అన్నాడు. అందుకే అంకన్నకు ఇంకా ఎక్కువ భయమేసింది.

అంతకు ముందు అతను భయస్తుడు కాడు. చిరుతపులి అడుగులు కనబడిన చోట కూడా మందకు కాపలాగా ఒక్కడే పడుకున్న మనిషి. కానీ ఆ గడ్డిలో పడి ఉన్న కాసేపట్లో ఏదో మారిపోయింది. ఇప్పుడు ఎడమ చెయ్యి కాస్త లాగినా, తేన్పు వచ్చినా, మెట్టెక్కితే ఆయాసం అనిపించినా ప్రాణం ఝల్లుమంటుంది. చిక్కేమిటంటే, చిన్నప్పటి నుంచీ భయమేసినప్పుడల్లా బీడీ వెలిగించడం ఒక్కటే అతనికి తెలిసిన మందు. ఇప్పుడు ఆ మందే భయం.

తిరిగి చూపించుకోవడానికి ఒంగోలు వెళ్ళినప్పుడు డాక్టరుకు ఆ సంగతే చెప్పుకున్నాడు. డాక్టరు నికోటిన్ పట్టీలు రాశాడు. చదరంగా, ఒంటి రంగులో ఉండే పట్టీ. పొద్దున్నే వెనకున్న కాగితం ఒలిచి ఛాతీకో జబ్బకో అంటించుకుంటే, బీడీలో ఉండే నికోటిన్ కొంచెం కొంచెంగా ఒంట్లోకి దిగుతుంది. పొగ ఉండదు, బీడీ మీద యావ తగ్గుతుంది. మర్నాడు అది పీకేసి, ఇంకోచోట కొత్తది వేసుకోవాలి. వారాలు గడిచేకొద్దీ చిన్న పట్టీలకు మారి, చివరికి అవీ మానెయ్యాలి. నర్సు ఇదంతా విడమరిచి చెప్పి, "వాడేసినదాన్ని బంక లోపలికి వచ్చేటట్టు మడిచి పారెయ్యి పెద్దాయనా. పిల్లలకు అందనీయొద్దు" అంది.

"మా ఇంట్లో పిల్లలెవరూ లేరమ్మా. నేనూ మా ఆడమనిషీ, అంతే" అన్నాడు అంకన్న. అప్పటికి అది నిజమే.

పట్టీ వేసుకున్న మొదటి రోజే తప్పు చేశాడు. కొండ మీద మాలకొండయ్య బీడీ వెలిగిస్తే ఆ వాసనకు నిలవలేక, "ఒక్క దమ్మే" అని తీసుకుని బీడీ మొత్తం పీల్చాడు. కాసేపటికి నోటినిండా నీళ్ళు ఊరాయి. ఎంత ఉమ్మినా మళ్ళీ ఊరుతూనే ఉన్నాయి. ఒళ్ళంతా చల్లటి చెమట పట్టింది. కొండ గిర్రున తిరిగింది. వాంతి చేసుకుని రేగుచెట్టు మొదట్లో చతికిలబడి, ఇంకో పోటు వచ్చిందనే అనుకున్నాడు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, పట్టీ వేసుకుని బీడీ తాగితే అంతేనని, నికోటిన్ ఎక్కువైతే విషమేనని నర్సు తిట్టింది. ఆ తర్వాత అతను బీడీ ముట్టలేదు. మాలకొండయ్య వెలిగిస్తే లేచి గాలికి ఎదురు వైపు వెళ్ళి కూర్చునేవాడు.

వాడేసిన పట్టీలను మాత్రం మడిచి పారెయ్యలేదు. పొద్దున్నే పీకిన పట్టీని తన నవారు మంచం పట్టెకు అంటించేవాడు. ఒకదాని పక్కన ఒకటి వరసగా పెరుగుతుంటే చూసుకోవడం అతనికి బాగుండేది. బీడీ లేకుండా గడిచిన రోజులు అక్కడ కళ్ళకు కనబడేవి. అతని భార్య కోటమ్మ మాత్రం ఊడ్చినప్పుడల్లా సణిగేది.

"ఏందయ్యా ఇది, మంచానికి గజ్జి లేసినట్ల. పీకి అవతల పారెయ్యి."

"ఉండనీ. అవి నా మెడల్స్" అనేవాడు అంకన్న.

ఇంతలో కూతురు నాగవేణి గిద్దలూరు నుంచి పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. అక్కడ అత్తగారింటికి స్లాబు వేస్తున్నారు, ఇల్లంతా సిమెంటూ కంకరా. అది ఆరిందాకా పుట్టింట్లో ఉండమని భర్త మధుసూదన్ బస్సెక్కించాడు. పిల్ల పేరు ఝాన్సీ. మూడో ఏడు నడుస్తోంది. వచ్చిన రోజు నుంచీ తాతను వదల్లేదు. తాత గడ్డం గీసుకుంటే చెంపలకు సబ్బు పూసుకునేది, తాత కర్ర తీసుకుంటే తనూ ఒక పుల్ల పట్టుకునేది. తల్లి చచ్చిపోయిన గొర్రెపిల్ల ఒకటి వసారాలో కట్టేసి ఉంటే, దానికి సీసాతో పాలు పట్టడానికి తాతకంటే ముందు తయారయ్యేది. పొద్దున్నే అతను చొక్కా విప్పి పట్టీ వేసుకుంటుంటే ఎదురుగా నిలబడి తన గౌను ఎత్తి పొట్ట చూపించేది.

"నాక్కూడా తాత. నాక్కూడా తిక్కర్."

"ఇది తాతకు. నీకు అవ్వ బొట్టు పెడ్తది, పో" అని నవ్వేవాడు. అతనికి ఆ మాత్రం తెలుసు, కొత్త పట్టీ పిల్ల చేతికి ఇవ్వకూడదని. పట్టీల అట్టపెట్టెను అందనంత ఎత్తులో గూట్లోనే పెట్టాడు. మంచం పట్టెకున్నవాటి గురించి ఆలోచించలేదు. వాటిలోని సారమంతా తన ఒంట్లోకి దిగిపోయిందనీ, అవి వట్టి బంక ముక్కలనీ అనుకున్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక కోటమ్మ నడుం వాల్చింది. నాగవేణి బావి దగ్గర బట్టలు పిండుతోంది. అంకన్న గొర్రెలను మాలకొండయ్య మందతో కలిపి పంపించి, ఇంటి వెనక దొడ్డికి తెగిపోయిన కంచె కడుతున్నాడు. ఝాన్సీ వసారాలో గొర్రెపిల్లతో మాట్లాడుకుంటూ ఆడుకుంటోంది. పిల్ల గొంతు వినబడుతున్నంతసేపూ ఎవరూ తొంగి చూడలేదు. గొంతు ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ తెలియదు.

మొదట చూసింది నాగవేణే. బట్టల బకెట్టు తెచ్చి వసారాలో పెట్టబోయి, గోడకు చేరగిలబడి ఉన్న పిల్లను చూసింది. మొహం తెల్లగా పాలిపోయింది. నోటి నుంచి చొల్లు తీగలా గౌను మీదికి కారుతోంది. గౌను ముందుభాగం వాంతితో తడిసి ఉంది. ఎత్తుకుంటే తల భుజం మీద నిలబడకుండా వాలిపోయింది.

"అమ్మా, పిల్ల చూడే, పిల్లకేమో అయింది" అని పిలిచింది నాగవేణి. ఆ పిలుపుకు కోటమ్మతో పాటు దొడ్లో ఉన్న అంకన్న కూడా పరుగెత్తుకొచ్చాడు. పక్కింటి పోలేరమ్మ గోడ మీదుగా తొంగి చూసి వెంటనే లోపలికి వచ్చింది.

పోలేరమ్మ పిల్ల అరికాళ్ళు పట్టుకుని చూసింది. మంచుముక్కల్లా ఉన్నాయి. మెడ కింద, వీపు మీద చెమట. "తేలు కుట్టినట్టుంది. మా అక్క మనవడికి ఇట్లనే చల్లబడింది, ఇట్లనే చొల్లు కారింది. తేలు మంత్రం వేసే ఆయన పైఊర్లో ఉండాడు, పిలిపిద్దామా" అంది.

"మంత్రం వద్దత్తా. నరేష్‌ను ఆటో తీయమను" అంది నాగవేణి. నరేష్ పోలేరమ్మ కొడుకు, ఆటో నడుపుతాడు. "అమ్మా, నువ్వు ఇంట్లోనే ఉండి వెతుకు. పుల్లల కింద, పాత గోనెల కింద చూడు. తేలు కనబడితే ఎర్రదో నల్లదో ఫోన్ చెయ్యి. డాక్టరు అడుగుతాడు."

బేస్తవారిపేటలో డాక్టరు పిల్లను ఆటోలోనే చూశాడు. నాడి పట్టుకుని, కళ్ళలోకి టార్చి వేసి, "తేలే అయ్యుండొచ్చు. ఇక్కడ ఆపితే లాభం లేదు, మార్కాపురంలో పిల్లల డాక్టరు దగ్గరికి పోండి, నేను ఫోన్ చేసి చెప్తా" అన్నాడు. నరేష్ ఆటో మళ్ళించాడు.

రోడ్డు మీద ఒక్కో గుంతకూ పిల్ల తల ఊగుతోంది. నాగవేణి భర్తకు ఫోన్ చేయడానికి ప్రయత్నిస్తోంది, సిగ్నలు అంది అందక తెగిపోతోంది. అందుకని పిల్లను అంకన్న ఒళ్ళో పడుకోబెట్టింది. అంకన్న పిల్ల మొహం తుడుస్తున్నాడు. తుడిచిన చోట మళ్ళీ చెమట వస్తోంది. నోట్లో ఊరిన నీళ్ళు మింగలేక పిల్ల ఉక్కిరిబిక్కిరవుతోంది. తలను పక్కకు తిప్పితే చొల్లు అతని మోచేతి మీదుగా కారింది.

అప్పుడతనికి రేగుచెట్టు గుర్తొచ్చింది.

ఈ చెమట అతనికి తెలుసు. ఈ నీళ్ళు ఊరడం తెలుసు. మొదటి రోజు కొండ మీద తనకు జరిగింది అచ్చం ఇదే. ఆటో కటకటమనే శబ్దం దూరమైపోయి, తన గుండె కొట్టుకోవడం ఒక్కటే చెవుల్లో వినబడింది. మెల్లగా చెయ్యి పిల్ల గౌను కిందికి పోనిచ్చాడు. బొడ్డుకు కాస్త పైన, తడి చర్మం మీద, వేళ్ళకు చదరంగా తగిలింది.

పీకాడు. పీకి పిడికిట్లో మూసుకున్నాడు.

నాగవేణి ఫోన్ చెవికి ఆనించుకుని రోడ్డు వైపు చూస్తోంది. చూడలేదు. పీకేశాను కదా అనుకున్నాడు. ఇంక ఒంట్లోకి దిగేది ఏమీ లేదు, అక్కడికి చేరేసరికి తేరుకుంటుంది, తేలే అనుకుంటారు, తేలు అనే అనుకోనీ. ఆ ఆలోచన వచ్చినందుకు అతనికే ఒళ్ళు జలదరించింది. అయినా పిడికిలి తెరవలేదు. కూతురు మొహం చూశాడు. చిన్నప్పుడు గొర్రెల వెంట తనతో కొండంతా తిరిగిన పిల్ల. ఈ మాట చెప్తే ఇక తనవైపు ఎట్లా చూస్తుందో ఊహించుకోలేకపోయాడు.

పిల్ల తేరుకోలేదు. మార్కాపురం శివార్లలో పలకల మిల్లుల దగ్గర రాతి వ్యర్థాల గుట్టలు కనబడే వేళకు కుడి చెయ్యి రెండుసార్లు ఎగిరెగిరి పడింది. నాగవేణి "ఝాన్సీ, అమ్మను చూడమ్మా, ఇటు చూడు" అంటూనే ఉంది. పిల్ల కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి గానీ ఎవరినీ చూడటం లేదు.

ఆసుపత్రిలో వాళ్ళ కోసమే ఎదురుచూస్తున్నారు. స్టెల్లా అనే నర్సు పిల్లను అందుకుని బల్ల మీద పడుకోబెట్టి, వేలికి క్లిప్పు పెట్టి, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం తగిలించింది. డాక్టరు ముప్పై దాటిన ఆడమనిషి. ఛాతీ విని, కాళ్ళూ చేతులూ తిప్పి తిప్పి చూసింది.

"కుట్టిన చోటు కనబడటం లేదు. ఏడ్చిందా? నొప్పని ఏమన్నా చూపించిందా?"

"ఏడుపు వినబడలేదు మేడం. నేను చూసేసరికే ఇట్ల ఉండాది" అంది నాగవేణి.

"ఈ ప్రాంతంలో ఇట్లా వస్తే ముందు తేలే అనుకోవాలి" అని, డాక్టరు స్టెల్లాకు తేలుకాటుకు ఇచ్చే మందు తయారు చేయమని చెప్పింది. స్టెల్లా అల్మారా వైపు తిరిగింది.

అంకన్న గోడవారన నిలబడి ఉన్నాడు. మందు తెస్తున్నారు. తేలు కాని దానికి తేలు మందు. గుండెల్లో మళ్ళీ ఆ పాత పోటు కదిలినట్టయింది. ఇక్కడే పడిపోతే బాగుండుననిపించింది. పడిపోతే చెప్పాల్సిన పని ఉండదు. కానీ పడిపోలేదు. కాళ్ళు వాటంతటవే ముందుకు వచ్చాయి.

"తేలు కాదమ్మా" అన్నాడు. పిడికిలి తెరిచి బల్ల మీద పెట్టాడు. "ఇది. బీడీ మానే పట్టీ. పిల్ల పొట్టకు ఉండె. ఆటోలో నేనే పీకినా."

డాక్టరు ఆ నలిగిన పట్టీని వేలుతో తిప్పి చూసింది. "నికోటినా? ఎంతసేపు ఉంది ఒంటి మీద?"

"తెల్దమ్మా."

"ఇది కొత్తదా, వాడేసిందా?"

"వాడేసిందే. అయిపోయింది గదా అనుకున్నా."

"అయిపోదు. పారేసిన దాంట్లో కూడా పిల్లను పడెయ్యడానికి సరిపోయేంత ఉంటుంది" అంటూనే ఆమె పిల్ల గౌను కత్తిరించేసింది. "స్టెల్లా, ఆ మందు వద్దు. నీళ్ళు తీసుకురా. సబ్బు వద్దు, రుద్దొద్దు, నీళ్ళు పారించి కడుగు చాలు. ఒళ్ళంతా చూడు, ఇంకెక్కడన్నా ఉన్నాయేమో." తర్వాత అంకన్న వైపు తిరిగింది. "ఒక్కటేనా? నోట్లో పెట్టుకుని నమిలిందా? మింగిందా? అది నాకిప్పుడే తెలియాలి."

అంకన్నకు తెలియదు. ఫోన్ తీసి కోటమ్మకు చేశాడు. ఆమె అప్పటికి పుల్లలన్నీ తీసి పెరట్లో పోసి, గోనెలు దులుపుతూ తేలు కోసం వెతుకుతోంది.

"తేలు కనబడలా" అంది ఫోన్ ఎత్తగానే.

"తేలు వద్దు. నా మంచం పట్టె చూడు. పట్టీలు చూడు. పీకిన జాగాలు ఎన్ని ఉండాయి?"

కోటమ్మకు అర్థం కావడానికి కాస్త పట్టింది. తర్వాత ఆమె ఊపిరి మారడం ఫోన్లో వినబడింది. అడుగుల చప్పుడు. "చివర్న రెండు లేవు. ఈపక్క బంక మరకలే ఉండాయి. రెండు."

రెండు. ఇక్కడ దొరికింది ఒకటి. డాక్టరు అతని మొహంలోకి చూసి సంగతి గ్రహించింది. స్టెల్లా పిల్లను బోర్లా తిప్పి వీపు, చంకలు, తొడలు చూసింది. ఏమీ లేదు. కత్తిరించిన గౌను విదిలించింది, ఆటోలో చూసి రమ్మని నరేష్‌ను పంపింది. అక్కడా లేదు.

"వెతుకు. ఇల్లంతా వెతుకు. పిల్ల ఆడుకున్న చోటంతా చూడు" అన్నాడు అంకన్న ఫోన్లో. అతని గొంతు అతనికే పరాయిదిగా వినిపించింది.

నాగవేణి పిల్ల తలవైపు నిలబడి, తడిసిన జుట్టు నుదుటి మీంచి వెనక్కి దువ్వుతూ ఉంది. తండ్రి వైపు చూడలేదు. తిట్టి ఉంటే అంకన్న తట్టుకునేవాడు. డాక్టరు పిల్ల నోరు తెరిచి నాలుక కింద, బుగ్గల లోపల వెతికింది. మింగి ఉంటే ఏం చేయాలో స్టెల్లాకు మెల్లగా చెబుతోంది. అందులో ఒక్క మాటా అంకన్నకు అర్థం కాలేదు. వాళ్ళు తగ్గించిన గొంతే అర్థమైంది.

ఫోన్లో కోటమ్మ ఊపిరి, గిన్నెలు దొర్లిన శబ్దం, పోలేరమ్మ ఏదో అనడం.

"దొరికింది" అంది కోటమ్మ. ఏడుస్తోంది. "గొర్రెపిల్ల నుదుట ఉండాదయ్యా. బొట్టు పెట్టినట్ల అంటించింది. దానికొకటి, తనకొకటి."

"కొరికినట్టుందా? ముక్క పోయిందా?"

"లేదు. పూర్తిగా ఉండాది. నాలుగు మూలలూ ఉండాయి."

అంకన్న ఆ మాటే డాక్టరుకు చెప్పాడు. చెప్పి గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు.

గండం అంతటితో గడవలేదు. ఒంట్లోకి దిగింది దిగిందే, అది తగ్గేదాకా కనిపెట్టుకుని ఉండాలని డాక్టరు చెప్పింది. చిన్నగదిలో పిల్లకు సెలైన్ పెట్టారు. గోడమీది మిషను పిల్ల గుండె లెక్క చూపిస్తోంది. ఆ అంకె ఒక్కోసారి మరీ కిందికి పోయేది. అప్పుడు అది కూసేది. స్టెల్లా వచ్చి చూసి ఏదో సరిచేసి వెళ్ళేది. ప్రతి కూతకూ అంకన్న లేచి నిలబడేవాడు. నిలబడి చేయగలిగిందేమీ లేక మళ్ళీ కూర్చునేవాడు. తన ఛాతీ మీద ఆ పొద్దున వేసుకున్న పట్టీ ఇంకా ఉందని అప్పుడు గుర్తొచ్చింది. బయటికి వెళ్ళి పీకేసి, మడిచి, రాయి కింద పెట్టి, మళ్ళీ తీసి, ఆసుపత్రి చెత్తబుట్టలో మూత తెరిచి అడుగున కుక్కి వచ్చాడు. చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నాడో తెలియదు.

మధుసూదన్ గిద్దలూరు నుంచి సాయంత్రానికి చేరుకున్నాడు. చొక్కా మీద ఇంకా సిమెంటు మరకలున్నాయి. భార్యతో మెల్లగా మాట్లాడాడు. పిల్ల పాదం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత మామ దగ్గరికి వచ్చాడు. అంకన్న దేనికైనా సిద్ధపడి తల వంచుకున్నాడు.

"మామా, పొద్దుటి నుంచి మాత్రలేసుకున్నావా, గుండెవి?" అని అడిగాడు మధుసూదన్.

వేసుకోలేదు. అల్లుడు బయటికి వెళ్ళి ఇడ్లీ పొట్లం, మాత్రలు తెచ్చి పక్కన పెట్టాడు. అంకన్న మాత్రలు మింగాడు గానీ ఇడ్లీ పొట్లం విప్పలేదు.

చీకటి పడే వేళకు పిల్ల అరికాళ్ళు వెచ్చబడ్డాయి. చొల్లు ఆగింది. కళ్ళు తెరిచి, కొత్త గదిని చూసి, పెదవి విరిచి ఏడుపు అందుకుంది. ఆ ఏడుపుకు డాక్టరు మొహంలో మొదటిసారి బిగువు సడలింది. "ఏడవనీ. మంచిది" అంది. నాగవేణి పిల్లను గుండెకు అదుముకుని, అప్పటిదాకా ఆపుకున్నదంతా ఏడ్చేసింది. ఝాన్సీ తల్లి భుజం మీంచి చూసి, "తాత" అని చెయ్యి చాపింది. అంకన్న గుమ్మం దాటి రాలేదు.

మర్నాడు ఇంటికి పంపించారు. అంకన్న దిగుతూనే కొడవలి తీసుకుని మంచం పట్టెను గీకాడు. గీకినవన్నీ, బంక పొట్టుతో సహా, ఒక సీసాలో వేసి బిరడా బిగించాడు. ఇంకా విప్పని అట్టపెట్టెలు కోటమ్మ చేతిలో పెట్టి, "ఇవి ఇంట్లో ఉండకూడదు" అన్నాడు. తర్వాత దుప్పటి తీసుకుని కొండ కింద గొర్రెల దొడ్డికి వెళ్ళిపోయాడు. కోటమ్మ అన్నం అక్కడికే పంపేది.

పట్టీ లేని మొదటి రోజు ఎట్లాగో గడిచింది. రెండో రోజుకు తల పగిలిపోయేట్టయింది. ఊరికే గొర్రెలను కొట్టాడు. కళ్ళు మూసుకుంటే పిల్ల చెయ్యి ఎగిరెగిరి పడటం కనబడేది. తెరిస్తే బీడీ తప్ప మరేమీ గుర్తుకురాదు. బీడీ తాగిన ఇన్నేళ్ళలో తన ఒళ్ళే చెడింది, ఎవరి బిడ్డా పడిపోలేదు కదా అనుకున్నాడు. మాలకొండయ్యను ఒక బీడీ అడిగాడు.

"నిన్ను నా నడుముకు కట్టుకొని తెచ్చినప్పుడు, నీ తల నా ఈపుకు కొట్టుకుంటా ఉండె. బతికుండావో లేదో తెల్దు. మళ్ళా అట్ల తేవడం నా వల్ల కాదు, అన్నా" అన్నాడు మాలకొండయ్య. అయినా స్నేహితుడి మొహం చూడలేక ఒక బీడీ తీసి ఇచ్చి, మందను తోలుకుంటూ అటు వెళ్ళిపోయాడు. చూడకుండా ఉండటానికే వెళ్ళాడు.

అంకన్న బీడీ పెదాల మధ్య పెట్టుకుని అగ్గిపెట్టె కోసం తడుముకుంటుండగా, బాట వెంట నాగవేణి రావడం కనబడింది. చంకలో ఝాన్సీ ఉంది. అతను లేచి రెండడుగులు వెనక్కి వేశాడు.

"పిల్లను దగ్గరికి తేబాకు. నా చేతులకు ఏముందో ఏమో" అన్నాడు.

నాగవేణి ఆగలేదు. దగ్గరికి వచ్చి బీడీ అతని నోట్లోంచి తీసి, విరిచి పారేసింది. పిల్లను కిందికి దించింది. ఝాన్సీ గొర్రెల వైపు పరుగెత్తింది.

"నాకు కోపం పోలా నాయనా" అంది. "ఎప్పుడు పోతదో తెల్దు. ఆటోలో పీకి పిడికిట్లో పెట్టుకున్నావే, అది తలుచుకుంటే ఇంకా పోదు."

"నిజమే" అన్నాడు అంకన్న.

"అయితే చెప్పినావు. చెప్పకపోతే ఏమయ్యేదో మేడం నాతో చెప్పింది. అది కూడా తలుచుకుంటుండా." ఆమె కొంగు ముడి విప్పి, తల్లి పారేయకుండా దాచిన అట్టపెట్టెల్లోంచి తెచ్చిన ఒక పట్టీ తీసింది. "నువ్వు ఇవి ఎక్కడబడితే అక్కడ అంటిస్తే నాకు బిడ్డ ఉండదు. నువ్వు బీడీ తాగి ఈ కొండ మీద పడిపోతే దానికి తాత ఉండడు. రెండూ నాకు వద్దు. మేడంను అడిగినా, ఒంగోలుకూ ఫోన్ చేసినా. వాడమన్నారు. మూత బిగించే డబ్బా అటక మీద పెట్టినా. పీకింది మడిచి అమ్మకు ఇస్తే, అమ్మ దాంట్లో వేస్తది. నువ్వు మాత్రం అంటించుకుని చొక్కా గుండీలు పెట్టుకో. పిల్ల ముందర చొక్కా విప్పబాకు."

"నాకు అది ముట్టుకోవాలంటేనే భయమైతాంది నాగా."

"అయితే మంచిదేలే. భయపడతానే వాడుకో."

అంకన్న అటు తిరిగి, ఝాన్సీకి కనబడకుండా గొర్రెల తడిక చాటున నిలబడి, పట్టీ వేసుకున్నాడు. వెనక కాగితాన్ని కూడా మడిచి కూతురికే ఇచ్చాడు. ఆ పూట ఇంటికి వచ్చి అన్నం తిన్నాడు.

స్లాబు ఆరి, నాగవేణి వాళ్ళు గిద్దలూరు వెళ్ళిపోయారు. అంకన్న చిన్న పట్టీలకు మారాడు, ఎండాకాలం ముగిసేలోపు అవీ మానేశాడు. బీడీ మళ్ళీ ముట్టలేదు. ఒంగోలు డాక్టరు గుండె బాగుందన్నాడు. అందరూ అదే అన్నారు.

వానలు పడ్డాక కూతురి ఇల్లు చూడటానికి గిద్దలూరు వెళ్ళాడు. కొత్త గదిలో ఝాన్సీ మధ్యాహ్నం నిద్రపోతోంది. పక్కన చాప మీద కూర్చున్నాడు. పిల్ల మామూలు కంటే ఎక్కువసేపు పడుకుంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి తగిలింది. కాసేపటికి మళ్ళీ పెట్టాడు.

నాగవేణి గుమ్మంలోకి వచ్చి చూసింది.

"నిద్రపోతాంది నాయనా, అంతే" అంది.

"తెలుసు" అన్నాడు అంకన్న. వేలు తియ్యలేదు. నాగవేణి కిటికీ రెక్క దగ్గరగా వేసి, ఫ్యాను వేగం కాస్త పెంచి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.